అమ్మ గొంతు ఉన్న ఫోల్డరు

జూన్ 24

కాలేజీ లైబ్రరీలో పాత రిజిస్టర్లు పారేస్తుంటే, సగం ఖాళీగా ఉన్నది ఒకటి అడిగి తెచ్చుకున్నాను. నేను పనిచేసే లైబ్రరీలోనే, అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది.

తెలుగులో రాస్తున్నాను. కాన్వెంటులో ఇంగ్లిషు, వీధిలో హిందీ. తెలుగు అక్షరాలు మాత్రం అమ్మ నేర్పినవి, భిలాయి క్యాంప్ 1 పేటలోని పాత ఇంట్లో, వేసవి సెలవుల్లో, పలక మీద. ఈ విషయం ఇంకో భాషలో రాయబుద్ధి కావడం లేదు.

రాయ్‌పూర్ డాక్టరు నిన్న చెప్పాడు. అమ్మ స్వరపేటిక మొత్తం తీసేయాలి. గడ్డ ఇంకా బయటికి పాకలేదు కాబట్టి ప్రాణానికి భయం లేదు. గొంతు మాత్రం ఉండదు. మెడ ముందు చిన్న రంధ్రం పెడతారు, ఇకమీదట ఊపిరి అందులోంచే. నాన్న "చలో, మనిషి ఉంతాది గదా" అన్నాడు. అమ్మ డాక్టరుని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తిరుగు రైల్లో దుర్గ్ దగ్గరపడ్డాక నాతో అంది: "సత్తెవాణికి ఎలగ సెప్పాలే?"

అమ్మ చెల్లెలు సత్యవాణి పిన్ని పలాసలో ఉంటుంది, అమ్మని 'అప్పా' అని పిలుస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి అక్కచెల్లెళ్ళ ఫోను. ఆ గంట మా ఇంట్లో ఎవరూ మిక్సీ వేయరు.

జూన్ 25

పిన్ని కొడుకు యుగంధర్ అన్నయ్య హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. ఆపరేషన్‌కి ముందే అమ్మ చేత వాక్యాలు చదివించి రికార్డు చేస్తే, దాన్ని బట్టి వాళ్ళ ఆఫీసులో గొంతు తయారు చేయగలరట. తర్వాత అమ్మ ఫోనులో టైపు చేస్తే అమ్మ గొంతే పలుకుతుందట. మూడు వందల వాక్యాలు కావాలి, శుభ్రంగా ఉండాలి, వెనక ఫ్యాను చప్పుడు కూడా ఉండకూడదు.

అమ్మ అడిగింది ఒకటే, సత్తెవాణితో మాటాడొచ్చా అని. అన్నయ్య మాట్లాడొచ్చన్నాడు.

వాక్యాలు నేనే రాస్తాను. అది నాకు చేతనవుతుంది.

జూన్ 28

కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, మంచం మీద దుప్పట్లు పరిచి మొదలుపెట్టాం. ఇప్పుడుంటున్న ఈ కోహ్కాలో, ఈ ఎండకి ఫ్యాను లేకుండా పది నిమిషాలు కూర్చోవడం ఎవరికైనా శిక్షే. అమ్మ గొంతు ఇప్పటికే బొంగురు. పది వాక్యాలకోసారి గోరువెచ్చని నీళ్ళు తాగుతుంది.

మొదటి వాక్యం: "దయచేసి నాకు కొంచెం మంచినీళ్ళు ఇవ్వండి."

అమ్మ చదివి నవ్వింది. "మనింట్లో ఎవులే అలగ అడిగింది? 'నీల్లు తే' అంతాను నాను."

గొంతుకి అన్ని అక్షరాలూ కావాలి అమ్మా, మామూలుగా చదువు అన్నాను. చదివింది. ముందు అన్నది తీసేశాను.

జూలై 1

డెబ్బై ఆరు అయ్యాయి. 'లేదు' అని రాసిన చోటల్లా 'నేదు' వస్తుంది. మళ్ళీ చదివించాను. ఐదోసారికి విసుక్కుంది. విసుక్కున్నది కూడా రికార్డయింది, అదీ తీసేశాను.

అమ్మ అంది, ఆ కాగితం మీద ఉన్నవి నా మాటలు కావు, రైలు టేసన్లో మైకు మాటాడినట్టుంది అని. శుభ్రంగా ఉండాలని అన్నయ్యే కదా అన్నాడు.

(అన్నయ్య అన్నది ఫ్యాను గురించి.)

జూలై 4

నా ఫోనులో జాగా లేదు. క్లౌడ్‌లో ఒక ఫోల్డరు పెట్టాను. రికార్డు చేసింది చేసినట్టు అందులోకి ఎక్కుతుంది, లాప్‌టాప్‌లోకీ దిగుతుంది, ఎక్కాక ఫోను రికార్డరులోది పోతుంది, ఫోల్డరు తెరిస్తే మాత్రం ఫోనులోనూ కనబడుతుంది. ఒక వాక్యం మూడు చోట్ల చూసుకున్నట్టు నిశ్చింతగా ఉంది. ఫోల్డరు పేరు 'అమ్మ'.

పాస్‌వర్డు మా ఇంట్లో అన్నిటికీ ఉన్నదే. స్టీల్ ప్లాంటులో నాన్న ఉద్యోగి నెంబరు, పక్కన అమ్మ పేరు.

జూలై 7

మూడు వందలు పూర్తి. చివరి ఇరవై చదివేటప్పుడు అమ్మ రుమాలులో ఉమ్మితే ఎర్రగా ఉంది. ఆపుదాం అన్నాను. "రాసినవన్నీ సదివీస్తాను, పట్టు" అంది.

అన్నయ్య అన్నీ పంపేయమన్నాడు. మొదట్లో, చివర్లో ఉన్న ఖాళీలు కత్తిరించి పంపుతానన్నాను. ఎలా ఉన్నా పర్లేదు, పంపు అన్నాడు. రెండు రోజులు ఆగమన్నాను.

జూలై 8, రాయ్‌పూర్

ఉదయం ఏడుకి లోపలికి తీసుకెళ్ళారు. స్ట్రెచర్ తలుపు దాటే ముందు అమ్మ నాతో ఒక మాట అంది. అది ఇక్కడ రాయను. రాస్తే నా వాక్యం అయిపోతుంది.

వెయిటింగ్ హాలు నేలకింద ఉంది. నెట్ రాదు. నిన్నటి చివరి ఇరవై వాక్యాలు ఇంకా ఫోనులోనే ఉన్నాయి, ఎక్కలేదు. ఈ ఒక్కరోజే ఫోను పోతే, పగిలితే అన్న భయం పట్టుకుంది. చూస్తే తాళం లేని వైఫై ఒకటి కనబడింది, ఆసుపత్రి పేరు, పక్కన గెస్ట్ అని. నొక్కితే పేజీ తెరుచుకుంది. ఉద్యోగి నెంబరు, మెయిలు, మెయిలు పాస్‌వర్డు.

నెంబరు అడగ్గానే నాకు ధైర్యం వచ్చింది. భిలాయిలో పుట్టిన పిల్లని. మందుల పుస్తకానికి నాన్న నెంబరు, స్కూల్లో నాన్న నెంబరు, పాత క్వార్టరుకి, గ్యాసుకి, ఈ ఆసుపత్రికి రాసిన రిఫరల్ కాగితం మీద కూడా నాన్న నెంబరే. పేరు చెప్పుకోవడానికి నోరు రాని నేను ఆ నెంబరు మాత్రం తడుముకోకుండా చెప్తాను. అన్నీ కొట్టేశాను.

మధ్యాహ్నానికి ఇరవయ్యీ ఎక్కాయి. కాసేపటికి ఒక మెయిలు: కొత్త పరికరం నుంచి మీ ఖాతా తెరిచారు, మీరేనా? నేనే కదా అనుకుని 'అవును' నొక్కాను.

నాలుగున్నరకి డాక్టరు వచ్చి బాగా జరిగిందన్నాడు.

జూలై 9

అమ్మ కళ్ళు తెరిచింది. పెదవులు కదిలాయి. ఆగిపోయాయి.

జూలై 13

అమ్మకి పలక కొన్నాను. పిల్లల పలక, చెక్క ఫ్రేముది. నర్సులు తెల్లబోర్డు వాడమన్నారు, అమ్మ వద్దంది. ముక్కులోంచి గొట్టం, మెడ దగ్గర ఇంకో గొట్టం, ఒళ్ళో పలక. మొదట రాసింది నాన్న అన్నం తిన్నాడా అని.

తను మాట్లాడినట్టే రాస్తుంది. "తినీసినాడా."

జూలై 16

యుగంధర్ అన్నయ్య మళ్ళీ అడిగాడు. ఇంటికి వెళ్ళగానే పంపుతానన్నాను. కత్తిరించడం లాప్‌టాప్‌లోనే కుదురుతుంది.

నిజానికి కత్తిరించేది ఏమీ లేదు. అమ్మ 'నేదు' అన్నవి ఇంకో పద్నాలుగు మిగిలిపోయాయి. వాటిలో వేరే వాక్యాల నుంచి 'లే' అక్షరం తెచ్చి అతికించవచ్చేమో అని ఆలోచిస్తున్నాను.

జూలై 20

నిన్న ఇంటికొచ్చాం.

ఇవాళ పది గంటలకి లాప్‌టాప్ తెరిచాను. ఏడో తేదీ తర్వాత తెరవలేదు. ఇంటి వైఫై దానంతటదే తగులుకుంది. ఫోల్డరు తెరిచాను. రెండు వందల ఎనభై, ఆసుపత్రిలో ఎక్కించిన ఇరవై ఇంకా దిగలేదు. పై నుంచి కిందికి చూస్తున్నాను. అడుగున అంకె రెండు వందల డెబ్బై అయింది. వరసలు సర్దుకుంటోందేమో అనుకున్నాను. రెండు వందల నలభై. ఒక్కొక్కటీ కాదు, గుప్పెళ్ళతో పోతున్నాయి. నేను కూర్చుని చదువుతున్నాను, పోతున్నవాటి పేర్లు. 'మంచినీళ్ళు'. 'ఈ రోజు మంగళవారం'. 'నాకు కాఫీ ఇష్టం'.

తీగ పీకలేదు. వైఫై డబ్బా చేతికందేంత దూరంలోనే ఉంది.

'ఈ ఫోల్డరు ఖాళీగా ఉంది.'

జూలై 21

లేదు.

జూలై 23

పాస్‌వర్డు తీసుకోవడం లేదు. ఖాతాలో నా ఫోను నంబరు లేదు, ఇంకెవరిదో ఉంది. కంపెనీకి మూడుసార్లు రాశాను. ముగ్గురి పేర్లతో ఒకే జవాబు వచ్చింది.

యుగంధర్ అన్నయ్యకి చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. మెల్లగా ఒక్కొక్కటీ అడిగాడు. వైఫై పేజీ మెయిలు పాస్‌వర్డు అడగదు ఇందూ, అడిగితే అది వైఫై కాదు, పాస్‌వర్డు కోసం ఎవడో పెట్టుకున్న పేజీ అన్నాడు. ఆ హాల్లో ఎవడైనా తన ఫోనుకి ఆసుపత్రి పేరు పెట్టుకోవచ్చట. అలాంటి చోట సింక్ ఆపేయాలి, ఫైళ్ళు ఎక్కించాలంటే మన ఫోను నెట్ వచ్చేదాకా ఆగాలి. మెయిలుకి రెండో తాళం కూడా పెట్టుకోవాలి, పాస్‌వర్డు తెలిసినా మన ఫోనుకి అంకె వస్తే తప్ప తెరుచుకోనిది. నేను పెట్టుకోలేదు. ప్రతిసారీ ఆ అంకె చూసి కొట్టడానికి ఎవరికి తీరిక అనుకున్నాను.

మూడు చోట్ల ఉన్నాయి కదా అన్నాను.

"మూడు చోట్ల కాదు. ఒక్కచోటే, మూడు అద్దాల్లో. అక్కడ చెరిపితే ఇక్కడా చెరుగుతుంది. లాప్‌టాప్‌ని నెట్‌కి తగిలించకుండా తెరిచుంటే ఉండేవి."

నేనే పంపి ఉంటే అతని దగ్గర ఉండేవి. ఆ మాట అతను అనలేదు.

అమ్మకి చెప్పలేదు. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. డాక్టరు ఆందోళన పెట్టొద్దన్నాడు.

జూలై 25

డాక్టరు అలా అనలేదు. మెత్తటి అన్నం పెట్టమన్నాడు, అంతే.

జూలై 27

అమ్మ వంటింట్లోకి వెళ్తోంది. మమ్మల్ని పిలవడానికి నాన్న గంట కొన్నాడు, అమ్మ ముట్టుకోలేదు. స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొడుతుంది. ఒక దెబ్బ నాన్నకి, రెండు నాకు.

నాలుగింటికి పిన్ని ఫోను. అమ్మ పలక మీద రాసింది, నన్ను చదవమంది. "ఏటే, ఎలగున్నావు. నాను బాగున్నాను. బెంగెట్టుకోకు." నేను చదివాను: "ఎలా ఉన్నావు? నేను బాగున్నాను. బెంగ పెట్టుకోవద్దు."

పిన్ని "సరేనమ్మా ఇందూ, అమ్మని జాగర్త" అంది. ఇంటికొచ్చిన చుట్టాలతో మాట్లాడినట్టు మాట్లాడింది. అమ్మ పలక తుడిచి పక్కన పెట్టేసింది. ఐదు నిమిషాల్లో ఫోను అయిపోయింది. మిక్సీ వేసుకోవచ్చు.

తర్వాత అమ్మ రాసింది: "ఉగందరు ఎప్పుడిస్తాడు నా గొంతు."

త్వరలో అన్నాను.

జూలై 30

ఖాతా తిరిగొచ్చింది. తెరవగానే అమ్మ ఫోల్డరు కోసం చూశాను. లేదు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు ఆ దొంగెవడో. దాని బదులు ఎవరివో వందల ఫైళ్ళు ఉన్నాయి, క్రికెట్ ముక్కలు, పెళ్ళి డాన్సులు, తెరుచుకోని పెద్ద మూటలు.

నా మీద కోపం ఉండి చేశాడేమో, ఏదో అడగడానికి చేశాడేమో అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అతనికి జాగా కావాల్సి వచ్చింది. అంతే. ఒక్కటి తెరిచి విని ఉంటాడా? తెలుగు రాని మనిషైతే ఎవరో ముసలావిడ నీళ్ళడుగుతోందని కూడా తెలిసి ఉండదు.

ఇవాళ చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయిని అడిగాను. గెస్ట్ వైఫై మాకు అసలు లేదు దీదీ అంది.

ఆగస్టు 1

నాన్నకి చెప్పాను.

నాన్న ప్లాంటు మిల్లులో ఎలక్ట్రీషియనుగా ముప్పై మూడేళ్ళు చేశాడు. అరవడు. పాస్‌వర్డు ఏటని అడిగాడు. చెప్పాను. లోపలికెళ్ళి అటక మీంచి హెల్మెట్ తెచ్చాడు. పసుపు రంగు, ముందువైపు నల్ల పెయింటుతో నెంబరు. దాన్ని నా ముందు పెట్టాడు.

"ఇది నెత్తి మీద రాసుకుని తిరిగినాను. ఊరంతా సూసినాది. దీన్ని దాచిపెట్టీది అనుకున్నావేటమ్మా?"

అందరం అనుకున్నాం. ఆయనా అనుకున్నాడు, బ్యాంకుకి అదే పెట్టుకున్నాడు. ఆ మాట నేను అనలేదు. ఆయనే కాసేపటికి అన్నాడు.

తర్వాత చెప్పాడు. మిషన్లో చెయ్యి పెట్టే ముందు స్విచ్ తీసి, తన నెంబరున్న ఎర్ర రేకు దాని మీద వేలాడదీసేవాడట. ఎవరు వేస్తే ఆ చెయ్యే తియ్యాలి. ఆ నెంబరు చూసి జనరల్ మేనేజరు కూడా స్విచ్ ముట్టడు. "అది నా పానానికి కాపలా కాసింది, అందరికీ కనపడబట్టి కాసింది. కనపడకుండా కాసీది ఇంకోటి ఉండాల, బాబా." తిరిగే మిషన్ని చూస్తూ ఎందుకు కూర్చున్నావు, ముందు కరెంటు తియ్యాల గదా అని మాత్రం రెండుసార్లు అన్నాడు. రెండోసారి నాతో కాదు, తనలో తనే.

అమ్మకి నువ్వే చెప్పాల అన్నాడు.

ఆగస్టు 2

పొద్దున ఫోనులో రికార్డరు తెరిచాను, ఎందుకో. దాని సొంత చెత్తబుట్ట ఒకటుంది. నేను చేత్తో తీసేసినవి ముప్పై రోజులు అందులో ఉంటాయి. ఎక్కినవి ఉండవు, పారేసినవి ఉంటాయి.

నలభైకి పైగా పారేసుంటాను. జూన్‌వి, జూలై ఒకటివి గడువు దాటి పోయాయి. 'నీల్లు తే' పోయింది. పదకొండు ఉన్నాయి. మూడింటి కింద 'ఇంకా ఒక రోజు' అని ఉంది.

పదకొండూ బయటికి తీశాను. ఫోను నెట్ ఆపి, తీగతో లాప్‌టాప్‌లోకి, అక్కడి నుంచి రెండు పెన్‌డ్రైవులకి దించాను. ఒకటి నాన్న బీరువాలో పెట్టాడు. ఇంకొకటి యుగంధర్ అన్నయ్యకి పోస్టులో పంపుతాను. కత్తిరించను.

అన్నయ్యని అడిగాను, వీటితో గొంతు అవుతుందా అని. మొత్తం కలిపి ఒక నిమిషం నలభై సెకన్లు. మూడింట్లో దగ్గే ఉంది. ప్రయత్నిస్తాను అన్నాడు. అతను ప్రయత్నిస్తాను అన్నాడంటే అవదని అర్థం.

ఆగస్టు 3

అమ్మకి చెప్పాను. వంటింట్లో, నిలబడి. కాన్వెంటులో తప్పు చెప్పుకునేటప్పుడు నిలబడే చెప్పించేవారు. మొదటి నుంచి చెప్పాను, కత్తిరించడం గురించి కూడా.

అమ్మ పలక తీసుకుంది. రాసింది: "మూడొందలు సదివినాను గదే."

ఆ రుమాలు నాకు గుర్తొచ్చింది. ఆవిడకీ గుర్తొచ్చి ఉంటుంది.

గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ ఇప్పుడు ఏడిస్తే చప్పుడు రాదు, మెడ దగ్గర గాలి తొందరపడుతుంది. నాలుగింటికి ఫోను మోగింది. ఎవరం తీయలేదు.

ఆగస్టు 4

గరిటె చప్పుడు లేదు. నాన్న తనే అన్నం వడ్డించుకున్నాడు.

ఆగస్టు 5

మధ్యాహ్నం రెండు దెబ్బలు. పరుగెత్తాను.

పలక మీద: "పారీసినవి ఎట్టు."

పెట్టాను. నేను తీసేసిన అమ్మ, ఆఖరి రోజుల్లో ఇంకోసారి విసుక్కున్నది: "ఏటే గుంటా, ఎన్నిసార్లు సదవాల? నేదు అంటే నేదే. మా అమ్మ అలగే అన్నాది, నాను అలగే అంతాను." తర్వాత నా గొంతు, చిన్నగా, హెడ్‌మిస్ట్రెస్‌లా: 'అమ్మా, సరిగ్గా.' తర్వాత దగ్గు. తర్వాత అమ్మ: "సరిగ్గానే ఉన్నాది. నీకే ఇనబడ్డం నేదు."

అమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఆ తర్వాత ఏడ్చింది కూడా. పదకొండూ విన్నది, మళ్ళీ పెట్టమంది. మూడోసారి తనే ఫోను నా చేతికి ఇచ్చేసింది.

గొంతు రాదని చెప్పాను. తెలుసన్నట్టు చెయ్యి ఊపింది.

ఆగస్టు 6

మూడున్నర నుంచి గదిలో తలుపేసుకుని పైకి అని చూసుకున్నాను. ఏటి. నేదు. ఎలగ. అద్దంలో నా నోరు నాకే కొత్తగా ఉంది. ఇరవై ఆరేళ్ళు ఈ మాటలు విన్నాను. ఒక్కసారీ అనలేదు.

నాలుగింటికి పిన్ని. అమ్మ పక్కన కూర్చుని రాసింది. నేను పలక చూసి, రాసింది రాసినట్టు చదివాను.

"ఏటే సత్తెవాణీ, సచ్చిపోనాననుకున్నావేటి? జీడిపప్పు అంపుతానన్నావు, ఏదే? సంకురేత్తిరికి అంపుతావా?"

అటునుంచి ఏమీ లేదు. తప్పు చదివానేమో అని పలక మళ్ళీ చూశాను. అమ్మ మోచేత్తో పొడిచింది. పలక తిప్పి ఇంకో వైపు చూపించింది.

"మాటాడవేటే. నోరు పోయింది నాకా, నీకా?"

అప్పుడు పిన్ని గొంతు వచ్చింది, ఎక్కడి నుంచో, చాలా దూరం నుంచి.

"అంపుతానప్పా. రేపే అంపుతాను."

అమ్మ పలక తుడుచుకుని, మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.